ఆయన తుపాకీ కొలత

మా ఇంటావిడకు డెబ్భై దాటాయి. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో ఆమె ఇంటి పై వాటాలో నేను అద్దెకుంటాను. మా ఆయన హైదరాబాద్‌లో వీసా టెర్మిన్ కోసం, అంటే ఇంటర్వ్యూ తేదీ కోసం, చూస్తున్నాడు. పెళ్లయిన నెలకే నేను ఇటొచ్చేశాను. "నువ్వే ఒకసారి వచ్చి పోరాదు" అని మొన్న వేసవిలో బతిమాలాడు. రెండు వారాలుండి మళ్లీ వదిలిపెట్టి రావడం నా వల్ల కాదు, నువ్వే రా అన్నాను. నా పంతం సంగతి తెలుసు గనక మళ్లీ అడగలేదు. ఆయన మీద బెంగతో నేను సగం చచ్చిపోతున్నానని మాత్రం చెప్పలేదు.

ఇంటావిడా, చనిపోయిన ఆమె భర్తా ఇద్దరూ ఊళ్లోని షూటింగ్ క్లబ్బు సభ్యులే. కాల్చాక మిగిలిన ఇత్తడి తొడుగులను పారేయకుండా, సరిచేసి మళ్లీ తూటాలు కట్టుకునేవాళ్లు. బేరింగుల ఫ్యాక్టరీలో నా ఉద్యోగమే కొలతలు తీయడం. ఒక శనివారం నన్ను సెల్లార్‌లోకి పిలిచి, డబ్బాడు తొడుగులు ముందు పెట్టింది.

"కాలిపర్ అంకెలు నా కళ్లకు ఆనడం లేదు. కాస్త కొలిచి చెప్పు."

అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఉండాల్సినదాని కంటే వెంట్రుకవాసి ఎక్కువ. ఆ మాటే చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"అది ఆయన తుపాకీ కొలత" అంది.

పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, ఆ తుపాకీ లోపల ఎంత చోటుంటే అంత అవుతుందట. మళ్లీ అదే తుపాకీలో వాడితే మూతి బిగిస్తే చాలు. వేరేదానికైతే మొత్తం తొడుగును అచ్చులో నొక్కి మొదటి కొలతకు తేవాలి. ఆయన పోయాక ఆయన తుపాకీని అమ్మేసింది. ఆమె తుపాకీలో ఇవి పట్టవు. అయినా నొక్కడానికి మనసొప్పక ఇన్నాళ్లూ డబ్బాలోనే ఉంచేసింది. ఇక తన తుపాకీకి పనికొచ్చేలా చేస్తానంది.

"ఆదివారాలు పొద్దస్తమానం ఇక్కడే కూర్చునేవాడు. సూప్ చల్లారిపోతోందని పైనుంచి అరిచేదాన్ని. ఇప్పుడు ఎవరి మీద అరవను?"

ఒక తొడుగుకు నూనె పూసి ప్రెస్సులో పెట్టింది. పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సాయం చేయబోతే వద్దంది. తర్వాత ఒక్కసారిగా కిందికి లాగింది. బయటికి తీసి నా చేతికిచ్చింది.

కొలిచాను. ఆ వెంట్రుకవాసి పోయింది. ఆమె నా మొహం చూసి, కళ్లు తుడుచుకుని, రెండోది అందుకుంది. సాయంత్రం దాకా ఆమె నొక్కుతూ పోయింది, నేను కొలుస్తూ పోయాను. ఎదురుచూద్దామన్నా ఆమెకు మనిషి లేడు. నాకున్నాడు, నేనేమో టెర్మిన్ అని కూర్చున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

పైకొచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"టెర్మిన్ ఇంక దొరకలే" అన్నాడు, నేను అడగకముందే.

"దాని సంగతి ఇడిసిపెట్టు. నేనే వస్తున్న. సోమవారం లీవ్ అడుగుత."

"మళ్ల పోయేటప్పుడు ఏడుస్తవ్ గద" అన్నాడు.

"ఏడుస్త" అన్నాను. "అప్పుడు పక్కన నువ్వుంటవ్ గద."