సగం చంపి ఆపే మందు

సిలాసు తన్నిన తన్నుకు డాక్టరు ముందరి కుర్చీ పోయి గోడకు గుద్దుకున్నది. ఒక కాలు విరిగి వంకర పోయింది. బయట బెంచీల మీద కూసున్న రోగులు లేచి తలుపు సందులకెళ్లి తొంగి చూసిండ్రు.

"మందు పనిచేస్తాందంటవు. గడ్డ సగం కరిగిందంటవు. మళ్ల నువ్వే గోళీలు బంద్ చెయ్యమంటవు. డాక్టర్‌వా, దుష్మన్‌వా?"

డాక్టరు అర్చిత జాగ నుంచి కదల్లేదు. చిన్న వయసే. సిద్దిపేట దిక్కు పిల్ల, హైదరాబాదులోని ఈ పెద్ద దవాఖానలో క్యాన్సరు మీద కొత్త పద్ధతులు పరీక్షించే పని చేస్తది.

"ముందు కూసోండి సిలాస్ గారూ."

"ఏడ కూసుంటడు? కుర్చీ ఇరగ్గొట్టె గద," అన్నది పక్కనున్న హేబ్సిబా. సిలాసు భార్య. మొగడు మంట మీదున్నప్పుడు కూడా నోరు ఆపుకునే మనిషి కాదు.

సిలాసు నిలబడ్డకాడనే నిలబడి విన్నడు. ప్రొస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సరు నడుము ఎముకల దాక పాకింది అతనికి. బీదర్‌ నుంచి బస్సులో మూత్రం సంచి కట్టుకుని వచ్చినోడు, గోళీలు మొదలైనంక తన కాళ్ల మీద తను నడుస్తున్నడు. ఇప్పుడు ఆపుమంటే ఎట్ల?

"మొదటి రోజే చెప్పిన. మీరు తలూపి వేలిముద్ర పెట్టిండ్రు," అన్నది అర్చిత.

"ఆ రోజు నొప్పికి, చావుమన్నా తలూపుతుంటి."

"సరే, మళ్ల చెప్త. మీ లోపల రెండు రకాల కణాలున్నయి. ఎక్కువ వాటిని గోళీ చంపుతది. కొన్ని మాత్రం మొండివి, గోళీకి చావవు. కానీ గోళీని తట్టుకునేతందుకు అవి చాన బలం ఖర్చు పెట్టుకుంటయి. గోళీ లేని రోజుల్ల అవే వెనకబడుతయి. తిండి కాడ, జాగ కాడ మామూలువి వాటిని అణిచిపెడతయి. ఇప్పుడు మనం ఆపకుండ గోళీ ఇస్తే ఏమైతది? మామూలువి మొత్తం చస్తయి. మొండివాటికి అడ్డం ఉండదు. ఒళ్లంత వాటిదే. అందుకే గడ్డ సగం కరగంగనే ఆపుతం. రక్తంల క్యాన్సరు లెక్క పాత కాడికి పెరిగినంక మళ్ల ఇస్తం. ఇంకా పరీక్షల్ల ఉన్న పద్ధతే, నేను మాటియ్యలేను. కానీ వేరే దేశంల కొద్దిమందికి ఇట్ల ఇస్తే మందు ఎక్కువ కాలం పనిచేసింది."

"అంటే పానం తీసేదాన్ని ఇంట్ల కట్టేసి మేపుమంటవు."

"మేపుమంటలేను. దాంతోనే కాపలా కాయించుకోమంటున్న."

"చంపుడంటే మొత్తం చంపుడే, డాక్టరమ్మా," అన్నడు సిలాసు. "సగం చంపి విడిచిపెట్టినోడు ఊళ్ల బతకడు."

ఆ మాట ఊరికే అన్నది కాదు. అతని బతుకంత ఆ మాట మీదనే నడిచింది.

బీదర్ అంచున ఉన్న చిద్రిలో అతన్ని కుక్కల సిలాసు అంటరు. అతనికి మీసాలు వస్తున్న వయసులో తమ్ముడు జాకబు చెంపను గల్లీ కుక్క పీకింది. అప్పట్లో తెలిసిన వైద్యం ఒకటే, గాయంలో మిరపకారం కూరిండ్రు. గాయం మానింది. ఆ తర్వాత ఒకరోజు జాకబు నీళ్ల చెంబును చూసి అరిచిండు. గొంతు బిగుసుకుపోయి, నురగ కారుతూ, తన పెదవిని తనే కొరుక్కున్నడు. ఎడ్లను కట్టే తాళ్లతో మంచానికి కట్టేసిండ్రు. కాళ్లు పట్టుకున్నది సిలాసే. ఆ కాళ్లు కొట్టుకునుడు ఆగినంక కూడా పట్టు విడవలేదు, పాస్టరయ్య వచ్చి వేళ్లు ఒక్కొక్కటి విప్పదీసిండు.

బొంద పూడ్చి వచ్చి స్నానం కూడా చెయ్యలేదు. గడ్డపార తీసుకుని గల్లీలో దిగిండు. కుక్కల్లో పిల్లల తల్లి అనలేదు, ముసలిది అనలేదు. సాయంత్రానికి గల్లీలో మొరిగేది ఒక్కటి మిగల్లేదు. మోరీ నీళ్లు ఎర్రగ పారినయని ముసలోళ్లు ఇప్పటికీ చెప్తరు.

మునిసిపాల్టీ వాళ్లకు అటువంటోడే కావాలె. మాంసం ముద్దల్లో విషం పెట్టుడు, అది తిని గిలగిల తన్నుకునేటివాటి తల మీద కట్టెతో ఒక్కటిచ్చుడు, ట్రాక్టర్లకు ఎత్తుడు. ఖాళీ చేసిన గల్లీ కొన్ని నెలలకే మళ్ల కుక్కలతో నిండేది. ఎన్నడూ చూడని కుక్కలు, మనిషిని చూస్తే మీదికొచ్చేవి. "అందుకే నా నౌకరీ ఎవడూ తీయలేడు," అని సిలాసు చాయ్ హోటల్ కాడ నవ్వేటోడు.

తర్వాత చట్టం మారింది. కుక్కను పట్టాలె, ఆపరేషను చెయ్యాలె, రేబిస్ టీకా వెయ్యాలె, గుర్తుకు చెవి కొస కత్తిరించాలె, ఏ గల్లీలో పట్టిండ్రో ఆ గల్లీలోనే విడవాలె. అదే కుక్కల బండి మీద పనికి వచ్చిన బామ్మర్ది క్రిస్టోఫరుకు ఇది నచ్చింది. సిలాసుకు ఆడంగి పని అనిపించింది. పట్టిన కుక్కను మళ్ల దాని గడప ముందర దింపినప్పుడల్లా ఉమ్మేసేటోడు.

అసుంటోడు గోళీ ఆపుతడా?

హైదరాబాదు నుంచి వచ్చిన మూడో రోజే, దవాఖాన వాళ్లు మొదట్లో రాసిచ్చిన చీటీ పట్టుకుని బస్టాండు దిక్కు మందుల దుకాణానికి పోయిండు. అదే గోళీ, వేరే కంపెనీది. పైసలకు క్రిస్మస్ కోసం హేబ్సిబా పెంచుతున్న మేకపోతును తోలుకపోయి అమ్మిండు. ఇంటికొచ్చి అబద్ధం చెప్పిండు.

"పోతును కుక్కలు ఈడ్చుకపోయినయే."

హేబ్సిబా రొమ్ము కొట్టుకుని ఏడ్చింది. సీసపాలు తాగిచ్చి పెంచిన పోతది. గల్లీ ఆడోళ్లంత జమైండ్రు. ఇయ్యాల మేక, రేపు పిల్లగాళ్లు అన్నరు. సిలాసు ఉన్నది ఎందుకు అన్నరు. ఆ మాటకే చూస్తున్నడు అతను. అబద్ధం నిలబడాలంటే గల్లీ కుక్కల శవాలు పడాలె.

చెవి కొసలు కత్తిరించిన కుక్కలు అవి. అతని చేతుల మీదనే ఆపరేషనుకు పోయి వచ్చినయి. అతన్ని చూసి తోక ఊపుకుంట దగ్గరికొచ్చినయి. మొదటిదాని నడుము ఇనుప రాడుతో విరిచిండు. అది ముందుకాళ్ల మీద జరుగుకుంట అరుస్తుంటే మిగిలినయి పారిపోకుండ దాని చుట్టే తిరిగినయి. దాంతో పని సులువైంది.

క్రిస్టోఫరు ఉరికొచ్చేసరికి ఆఖరిది నాలుక బయటపెట్టి పడి ఉన్నది.

"ఏం జేసినవు బావా! నీకు దిమాగుందా? వీటికి టీకాలున్నయి. గల్లీల ఎవలు మనోళ్లో, ఎవలు పైవాళ్లో వీటికి ఎరుకే. ఇవి ఉండంగ కోళ్ల పేగులు పారేసే గుంత కాడి కుక్కల మంద ఈడ అడుగు పెట్టలే. ఇగ ఎవడాపుతడు? నువ్వా, నీ మూత్రం సంచా?"

రాడు వంకర కొసతో మూతి మీద కొట్టిండు సిలాసు. క్రిస్టోఫరు ముందర పన్ను ఊడి మోరీలో పడ్డది. క్రిస్టోఫరు కూడా ఊకోలేదు, కడుపులో తల పెట్టి గోడకేసి కుమ్మిండు. హేబ్సిబా నడుమ పడి తమ్ముణ్ని గుంజుకుపోయింది. "నీ ఇంటి గడప తొక్కితే నా పేరు క్రిస్టోఫర్ కాదు," అని నెత్తురు ఉమ్ముకుంట పోయిండు వాడు.

సిలాసు పొద్దుగాల లేచి, ఖాళీ కడుపున, హేబ్సిబా పొయ్యి కాడ ఉన్నప్పుడు గోళీ మింగేటోడు. మింగినంక పొత్తికడుపు మీద చెయ్యేసి "చావుండ్రి" అనేటోడు. నొప్పి లేదు. డాక్టరు పిల్లకు ఏం తెల్వదనుకున్నడు.

గుంత కాడి మంద వానలు పడ్డంక వచ్చింది. కోళ్ల పేగులు తిని బలిసిన కుక్కలు, మెడల మీద పుండ్లు, ఏ చెవికీ కత్తెర గుర్తు లేదు. పొద్దుగాల పాలకు బయలుదేరిన సిలాసును గల్లీ మలుపు కాడ చుట్టుకున్నయి. అదిలిస్తే ఎనక్కి పోలేదు. ఒకటి పిక్క పట్టింది. కింద పడంగనే ఒకటి చెయ్యి పట్టింది, ఒకటి తొడ. క్యాన్సరుకని గోళీలతో పాటు ఇచ్చిన సూదులు మగ బలం తోడేసిన ఒళ్లు అది, మునుపటి పట్టు లేదు. చేతికి దొరికినదాని గొంతులో మోచెయ్యి దాక దూర్చి, నాలుక మొదలు పట్టి మెలిపెట్టిండు. అది ఊపిరాడక చచ్చేదాక విడవలేదు. మిగిలినయి ఆలోపల పిక్క మాంసం తీసుకున్నయి. గల్లీ వాళ్లు కట్టెలతో వచ్చి విడిపిస్తే, చచ్చిన కుక్క పళ్లు అతని చేతి నుంచి ఊడదీసుడికి పట్టకారు తేవలసి వచ్చింది.

సర్కారు దవాఖానలో నర్సు గాయాల చుట్టూరా సూదులు గుచ్చుతుంటే పళ్లు బిగబట్టుకుని కొక్కానికి తగిలించిన గోళీలున్న తన అంగీ జేబు దిక్కే చూసిండు. ఆనాడు గోళీ మింగలేదని పరేషాన్. సందు దొరకంగనే మింగిండు.

మళ్ల హైదరాబాదుకు పోయేటప్పుడు పిక్కకు కట్టు ఉన్నది. అర్చిత కట్టును చూసింది, కొత్త కుర్చీని దగ్గరికి జరిపింది.

"ఏమైంది కాలికి?"

"కుక్కలు."

ఆమె కంప్యూటరు దిక్కు తిరిగి చూసింది. మొహంలో వెలుగొచ్చింది.

"రక్తంల లెక్క పాత కాడికి వచ్చింది సిలాస్ గారూ. పెరిగిందని భయపడకుండ్రి, మనం అనుకున్నదే. గోళీ ఆపినం కాబట్టి మామూలు కణాలు మళ్ల పెరిగినయి. మొండివి అణిగే ఉంటయి. ఇయ్యాల్టి నుంచి గోళీ షురూ చేస్తం, మళ్ల దిగుతది. మీరు ఇన్ని రోజులు ఓర్చుకున్నరు చూడుండ్రి, అదే పెద్ద పని."

హేబ్సిబా "దేవునికి స్తోత్రం" అన్నది.

సిలాసు ఒక్క పూట తప్పకుండ మింగిండు. మింగుతుండంగనే పెరిగింది. అయితే ఇప్పుడు లోపల పెరిగేటివి ఏవి? ఆ పిల్ల గోళీల డబ్బా తీసి ముందర పెడుతున్నది. డబ్బా మీద చెయ్యి పెట్టి ఎనక్కి నూకిండు.

"నేను ఆపలే బిడ్డా."

"ఏంది?"

"గోళీ. ఒక్క దినం కూడ ఆపలే. బయట కొనుక్కొని మింగిన. నిన్నటిదాక మింగిన."

అర్చిత చెయ్యి డబ్బా మీదనే ఆగింది. డబ్బాను మళ్ల సొరుగులో పెట్టింది. తిడితే బాగుండనిపించింది అతనికి.

"అట్లయితే ఇవి గోళీకి లొంగనివి," అన్నది చివరికి. "వాటిని అణిచేటివాటిని మీరే మొత్తం చంపుకున్నరు. ఈ గోళీ ఇంక మీకు పనికిరాదు. పరీక్షల నుంచి కూడ మిమ్మల్ని తీసెయ్యాలె. సెలైన్ల ఎక్కించే మందు ఉన్నది. ఒళ్లు చాన గుల్లయితది. కొన్ని నెలలు కలిసొస్తయి. ఎన్నని అడగకుండ్రి."

"ఆ గోళీలు కొనుడికి నీకు పైసలేడియి?" అన్నది హేబ్సిబా. అడిగినంక ఆమెకే జవాబు దొరికింది. మొగని మొహం చూసింది.

"పోతును కుక్కలు తినలేదే," అన్నడు సిలాసు.

వరండాలోకి రాంగనే మొదటి దెబ్బ పడ్డది. బీదర్ నుంచి రొట్టెలు తెచ్చిన స్టీలు టిఫిన్ డబ్బాతో. కనుబొమ్మ పగిలి నెత్తురు కంట్లోకి కారింది. రెండోది చెవి మీద. "నా తమ్ముని పన్ను రాలగొడితివి! మూగజీవాలను చంపితివి! నన్ను ముండను చేస్తివి గదరా!" అనుకుంట కొడుతనే ఉన్నది. మూత ఊడి రొట్టెలు నేల మీద పడ్డయి. రోగులు జరిగి జాగ ఇచ్చిండ్రు. వాచ్‌మన్ ఉరికొచ్చి ఆమె రెక్క పట్టుకున్నడు.

"విడువు," అన్నడు సిలాసు వాచ్‌మన్‌తో. "కొట్టనీ."

చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆమె చెయ్యి నొప్పి పుట్టేదాక కొట్టింది. డబ్బా సొట్టపోయింది.

అర్చిత లోపలికి తీసుకపోయి మంచం మీద పండబెట్టింది. కనుబొమ్మ కాడ ఎముక తెల్లగ కనబడుతున్నది. కుట్లకు ముందు మత్తు సూది నింపుతుంటే హేబ్సిబా అడ్డం వచ్చింది.

"మత్తు ఎందుకు బిడ్డా? ఉత్తగనే కుట్టు. నొప్పి ఎరుక కావాలె."

"అమ్మా, అట్ల కుట్టరు."

"సరే, నీ ఇష్టం. ఈయన ఊకె ఉండడు, కదులుతడు. నేను పట్టుకుంట."

తలకాడ నిలబడి అతని తలను రెండు అరచేతుల నడుమ బిగించి పట్టింది. సూది దిగింది. అతను కదల్లేదు. కుట్లు అయినంక కూడా ఆమె పట్టు విడవలేదు.