విరిగిన పట్టీ మీద జడ్జీ మేస్త్రి తీర్పు

లారీల కమాన్‌కట్టలు, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల దొంతరలు, బాగుచేసే ఆ షెడ్డులో పని ఎంత జరిగేదో తిట్లూ అంతే జరిగేవి. అయినా డ్రైవర్లు అక్కడికే వచ్చేవాళ్లు. మేస్త్రి చేతిపని గట్టిది మరి. నోరు ఇంకా గట్టిది. ఎవరైనా విరిగిన పట్టీ పట్టుకొస్తే దాన్ని వెలుతురు వైపు తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, విరిగిన చోటును ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అందరూ వినేలా తీర్పు చెప్పేవాడు. అందుకని వెనకాల ఆయనకు జడ్జీ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన పడింది కూడా. వెక్కిరింపని తట్టలేదు, గౌరవమనుకుని పొంగిపోయాడు. ఆయన తెలివి అంతటిది.

ఒకసారి నీళ్ల ట్యాంకరు నడిపే డ్రైవరు, నడివయసు మనిషి, రెండు ముక్కలైన పట్టీని భుజాన వేసుకుని వచ్చాడు.

"చదును రోడ్డు మేస్త్రీ. గుంట లేదు, స్పీడు లేదు. ఊరికే వస్తుంటే టక్కుమంది. ఇనుమే మంచిది కాదేమో."

"ఇనుము మంచిది కాదా? ఇలా రా. ఆ కళ్లు దేనికి పెట్టుకున్నావు, చూడు. ఈ మూల నుంచి ఉల్లిపాయ పొరల్లా గీతలు కనిపిస్తున్నాయా? అది పాత పగులు. రోజూ కాస్త కాస్త పాకుతూ వచ్చింది. ఈ చివర గరుగ్గా, తళతళా ఉందే, ఇదొక్కటే ఇవాళ్టిది. మిగతాదంతా ఎప్పుడో విరిగింది నాయనా, నీకు తెలియలేదంతే. ఓవర్‌లోడు వేసి తిప్పావు. అది చేతనైనంత కాలం మోసింది. తప్పు ఇనుముది కాదు, బండి నడిపినవాడిది."

డ్రైవరు తల గోక్కున్నాడు. గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చుని పాత ఇనుము తూచే మేస్త్రి భార్య ముఖం పక్కకు తిప్పుకుంది. పెళ్లయినప్పటి నుంచీ వింటున్న తీర్పు అది. నిద్రలో లేపి అడిగినా పొల్లు పోకుండా అప్పజెప్పగలదు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. విరిగిన ఇనుము గురించి ఆయన ఎన్నడూ అబద్ధమాడలేదు. కావలసినవాడనీ కానివాడనీ చూడలేదు. పట్టీలోనే లోపముంటే, దాన్ని అమ్మినవాడు ఎదురుగా నిలబడి ఉన్నా ఆ మాటే అనేవాడు. ఆయనలో మెచ్చుకోవడానికి ఉన్నది అదొక్కటే కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను. మళ్లీ మళ్లీ వెతుక్కునే శ్రమ ఉండదు.

జాకీ కింద చెక్క పెట్టమని లోకమంతటికీ చెప్పే ఆ మనిషి ఒకరోజు తాను పెట్టలేదు. జాకీ జారింది. కమాన్‌కట్ట వచ్చి ఎడమ కాలి మీద పడింది. మోకాలి కింది పెద్ద ఎముక మధ్యలో ముక్కలు ముక్కలైంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కాలు తెరిచి, ఎముక పక్కన పొడవాటి స్టీలు పట్టీ వేసి, పైనా కిందా స్క్రూలు బిగించింది. తర్వాత ఆయన మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఓపిగ్గా చెప్పింది.

"మేస్త్రిగారూ, ఎముకను నేను అతికించలేదు. కదలకుండా పట్టి ఉంచానంతే. అతికించుకోవాల్సింది మీ ఒళ్లే. ముందు అక్కడ రక్తం గడ్డకడుతుంది. తర్వాత చెవిడొప్పలా వంగే మెత్తటి ముద్ద పుడుతుంది. అది మెల్లగా గట్టిపడి ఎముకవుతుంది. అందాకా మీ బరువు ఆ పట్టీయే మోయాలి. ఎల్లకాలం మోయలేదు."

"మోస్తుందిలెండి. స్టీలేగా!"

"వినండి. అసలు బరువే ఆనించకపోతే ఎముక బద్ధకిస్తుంది. మరీ ఎక్కువ ఆనిస్తే ఆ ముద్ద గట్టిపడకముందే చిట్లుతుంది. కొంచెం కొంచెంగా పెంచాలి. కాటా మీద పాదం పెట్టి ఎంత ఆనుతోందో చూసుకోండి, అలవాటవుతుంది. సిగరెట్టు మానేయండి. కొత్త ఎముకకు రక్తం తెచ్చే సన్నటి నాళాలను ఆ పొగ బిగించేస్తుంది. సమ్మెట ఎత్తేటప్పుడు మీరు బరువు వేసేది ఈ ఎడమ కాలి మీదే కదా? ఇది అతకకపోతే మీ పని ఇక లేనట్టే."

ఇంత చెబితే ఆయన చెవికెక్కింది రెండే మాటలు, పట్టీ, స్క్రూలు. బోల్టులు బిగించాక బండి రోడ్డెక్కక ఏం చేస్తుంది? అదీ ఆయన ఆలోచన. ఎముకంటే లోపల రక్తం పారే ప్రాణమున్న వస్తువని ఆయనకు నచ్చజెప్పడం దేవుడి తరం కూడా కాదు. డాక్టరమ్మ అటు వెళ్లగానే భార్యతో, "నాకు ఇనుము గురించి పాఠం చెబుతోంది చూశావా? నిన్న గాక మొన్న పుట్టిన పిల్ల!" అన్నాడు. ఆ పిల్లకు తల సగం నెరిసింది.

ఇంటికొచ్చాక భార్య షెడ్డులోని కాటాను తుడిచి తెచ్చి మంచం ముందు పెట్టింది. డాక్టరమ్మ చెప్పినచోట అద్దం మీద సుద్దతో గీత గీసింది.

"పాదం పెట్టండి. ముల్లు ఈ గీత దాటకూడదు."

"నన్ను కూడా పాత ఇనుముతో పాటు తూస్తావా?"

"పాత ఇనుమైతే నోరెత్తకుండా తూగేది. పెట్టండి."

పెట్టాడు. ముల్లు గీతను తాకింది. ఇంతేనా అన్నట్టు చూసి, పిల్లలాట అని వెక్కిరించి కాలు తీసేశాడు. మర్నాడు సుద్ద గీత చెరిపేశాడు. ఆ మర్నాడు కాటాను మంచం కిందికి తోసేశాడు. ఆమె గీత మళ్లీ గీసింది, ఆయన మళ్లీ చెరిపాడు. చివరికి ఆమెకే విసుగొచ్చి సుద్దముక్క కిటికీలోంచి విసిరేసింది. కాటా తిరిగి షెడ్డు చేరింది.

కొన్నాళ్లకు నొప్పి పోయింది. ఆ రోజు నుంచి ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదంటే నమ్మండి. "నొప్పి లేదు, అంటే అతికింది" అని ఊరంతా చాటాడు. నొప్పి లేకపోవడానికి కారణం బరువంతా ఆ స్టీలు పట్టీ నోరు మూసుకుని మోయడమేనని ఆయనకు తట్టలేదు. డ్రైవరెవరైనా "ఇన్నాళ్లూ చప్పుడు రాలేదు కాబట్టి కమాను బాగున్నట్టే అనుకున్నా మేస్త్రీ" అంటే చెవులు మెలేసేవాడు ఈయనే. తన కాలి దగ్గరికి వచ్చేసరికి ఆ చదువంతా ఎటు పోయిందో! ఎక్స్‌రేకు రమ్మంటే వెళ్లలేదు. చంకకర్రలు షెడ్డులో యూ బోల్టుల పక్కన మేకుకు వేలాడాయి, వాటి మీద గ్రీజు గుడ్డలు ఆరేశారు. కొలిమి రాజుకుంది. ఎర్రగా కాల్చిన పట్టీని దాగలి మీద పెట్టి, ఎడమ కాలు తన్నిపెట్టి, పెదవుల మధ్య సిగరెట్టుతో సమ్మెట ఎత్తాడు.

భార్య సమ్మెట దాచింది. ఆయన వెతికి తీశాడు. ఆమె ఏడ్చింది. "ఏడుపుతో కాళ్లు అతకవే" అన్నాడు. ఆ రోజు ఆమెకు వచ్చింది కోపమో భయమో ఆమెకే తెలియదు. ఆ కాలు పోతే కొలిమి ఆరిపోతుందని మాత్రం తెలుసు. షెడ్డు మూతపడితే ఈ మనిషిని రోజంతా ఇంట్లో భరించాల్సి వస్తుందనీ తెలుసు.

ఒక మధ్యాహ్నం ట్యాంకరు డ్రైవరు కొత్త బోల్టు కోసం వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి పని ఆపి చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచాడు. చేతిలో ఏమీ లేదు. సిమెంటు గచ్చు, పొడిగా ఉంది. టక్ అని చప్పుడైంది. కాలు మోకాలి కింద మరో మోకాలు మొలిచినట్టు వంగింది. మేస్త్రి ఉన్నచోటే కూలబడ్డాడు. డ్రైవరు ఆయన్ని ఎత్తుకెళ్లి ట్యాంకరులోనే ఆస్పత్రికి చేర్చాడు.

డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురు పలక మీద పెట్టింది. స్టీలు పట్టీ రెండు ముక్కలు. ఎముక అతకనే లేదు.

మేస్త్రి నొప్పితో పళ్లు కొరుకుతూనే మొదలుపెట్టాడు. "చదును నేల డాక్టరమ్మా! పరిగెత్తలేదు, బరువెత్తలేదు. ఊరికే నడుస్తుంటే టక్కుమంది. మీరు వేసిన ఇనుమే మంచిది కాదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ ట్యాంకరు డ్రైవరు చటుక్కున తలెత్తాడు. మేస్త్రి భార్య అతని వైపు చూసింది.

ఈసారి డాక్టరమ్మ ఆ పట్టీని తీసేసి, ఎముక బోలులోకి పొడవాటి కడ్డీ దించింది. తుంటి నుంచి కొంచెం ఎముక గీరి తెచ్చి విరిగినచోట కూరింది. మాటల్లో మాత్రం మునుపటి ఓపిక లేదు. "ఇది కూడా అతకకపోతే నేను చేయగలిగింది పెద్దగా ఉండదు మేస్త్రిగారూ. చంకకర్రల మీదే బతకాలి" అంది.

దానికి ఆయన భయపడ్డాడా? భయపడ్డాడు, బాగానే భయపడ్డాడు. కానీ భయపడ్డట్టు తెలిస్తే జడ్జీ ఎలా అవుతాడు? అందుకని వార్డులో అందరికీ నాసిరకం ఇనుము కథ చెప్పడం మొదలుపెట్టాడు. తుంటి విరిగిన పక్క మంచం మనిషికి చెప్పాడు. దుప్పట్లు మార్చే ఆమెకు చెప్పాడు. ఎవరి కాలు వాళ్లు పట్టుకుని మూలుగుతున్నవాళ్లకూ చెప్పాడు. పాపం, లేచి వెళ్లే దారి లేక అందరూ విన్నారు. "ఆ పట్టీ నా చేతికివ్వమనండి. అందరి ముందూ తేల్చేస్తా!"

డాక్టరమ్మ విన్నది. మర్నాడు పొద్దున మంచాలు చూసుకుంటూ వచ్చినప్పుడు, కడిగించి తెల్లటి గుడ్డలో చుట్టిన పట్టీని ఆయన ఒళ్లో పెట్టింది.

"మీకు ఇనుము తెలుసు కదా, చూసి చెప్పండి. ఇనుముదే తప్పయితే నేనే ఒప్పుకుంటాను."

వార్డంతా ఇటు తిరిగింది. చూడటానికి వచ్చిన ట్యాంకరు డ్రైవరు మంచం కాళ్లవైపు నిలబడ్డాడు. మేస్త్రి గుడ్డ విప్పాడు. అలవాటు కొద్దీ ఒక ముక్కను కిటికీ వైపు తిప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

చూస్తూనే ఉండిపోయాడు.

స్క్రూ బెజ్జం అంచు నుంచి సన్నటి గీతలు బయలుదేరాయి. ఒకదాని వెనక ఒకటి, నునుపుగా, వరుసగా, పట్టీ అడ్డం దాదాపు చివరిదాకా పాకాయి. అవతలి అంచున గోరంత మేర మాత్రం గరుగ్గా తళతళలాడుతోంది. ఇనుములో బుడగ లేదు, మలినం లేదు, లోపమన్నదే లేదు. ఇంత చక్కటి ఇనుమును ఆయన చేత్తో ఎన్నడూ తాకలేదు. రెండో ముక్కా తీసి చూశాడు. అదీ అదే మాట చెప్పింది.

అబద్ధమాడితే పట్టుకోగలిగినవాళ్లు ఆ గదిలో ఎవరున్నారు? పక్క మంచం మనిషికి ఏం తెలుసు? నాసిరకం అని ఒక్క మాట అనేస్తే పరువు దక్కుతుంది. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తలెత్తితే భార్య కనిపించింది. ఆమె ఆయన ముఖం చూడటం లేదు. పట్టీ విరిగిన చోటునే చూస్తోంది. పెళ్లయినప్పటి నుంచీ ఇవే తీర్పులు వింటున్న మనిషికి ఆ గీతలు చదవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఏం కనిపించిందో చెప్పండి" అంది. గొంతులో జాలి లేదు. ఎందుకుండాలి?

"ఇనుములో లోపం లేదు" అన్నాడు మేస్త్రి.

"గట్టిగా. అందరికీ వినపడాలిగా."

"ఇనుములో లోపం లేదే! మంచి ఇనుము." ఆయన చూపుడువేలు తనంతట తానే గీతల మీద నడిచింది. "ఇక్కడ మొదలైంది. రోజూ కాస్త కాస్త పాకింది. సమ్మెట ఎత్తినప్పుడల్లా... ఆ రోజు విరిగింది ఈ గోరంతే. చేతనైనంత కాలం మోసింది."

ట్యాంకరు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. వెక్కిరించాలని కాదు, నిజంగానే తీర్పు పూర్తికావాలని అడిగాడు.

"మరి తప్పెవరిది మేస్త్రీ?"

మేస్త్రి పట్టీని గుడ్డలో చుట్టాడు. మడతలు సరిచేశాడు. మళ్లీ విప్పి మళ్లీ చుట్టాడు. డ్రైవరు కదల్లేదు. భార్యా కదల్లేదు.

"బండి నడిపినవాడిది" అన్నాడు చివరికి.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు తేలికయ్యేది, కసురుకోవడానికి ఒకరు దొరికేవాళ్లు. డాక్టరమ్మ తల ఊపి పక్క మంచానికి వెళ్లబోయింది. భార్య వంగి, మంచం కింద నుంచి ఒక గోనెసంచిని బయటికి లాగింది. అందులో షెడ్డులోని కాటా ఉంది. దాని అద్దం శుభ్రంగా తుడిచి ఉంది. ఇంకా గీతేమీ లేదు. కొంగు ముడి విప్పి కొత్త సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది.

మేస్త్రి ఆ సుద్దముక్కను వేళ్ల మధ్య పట్టుకుని కాటా అద్దం వైపు వంగాడు. ఇన్నేళ్ల బతుకులో ఎవరినీ ఏదీ అడగని మనిషి, మొదటిసారి కాలు విరిగినప్పుడే అడగాల్సిన ప్రశ్నను అప్పుడు అడిగాడు.

"డాక్టరమ్మా, ముల్లు ఎక్కడిదాకా రావచ్చు?"