విమానం కింద నా ఊరి మాట

సూరత్ విమానాశ్రయంలో హెడ్‌సెట్ పెట్టుకుని, దాని కేబుల్‌ని విమానానికి తగిలించి, కింద నుంచి పైలట్‌తో మాట్లాడటం నా ఉద్యోగం. ఆ మధ్యాహ్నం ముంబయిలో రద్దీ వల్ల అక్కడికి వెళ్లే మా విమానం బయల్దేరే స్లాట్ వెనక్కి జరిగింది. ఇంజన్ స్టార్ట్‌కి పైలట్ టవర్‌ని ముందే అనుమతి అడిగితే ఇంధనం దండగ, ఆలస్యంగా అడిగితే స్లాట్ పోతుంది. అందుకే ఆగాం. మైక్ ఆన్‌లో ఉందని మరచి, “తిన్నవా అని అడిగేటోడు గూడ లేడు ఈడ” అని గొణుక్కున్నాను.

“తిన్నవా తమ్మీ?” అంది కాక్‌పిట్‌లోంచి పైలట్ గొంతు, అచ్చం మా ఊరి యాసలో.

సిగ్గుతో చచ్చిపోయాను. “ఇంక లేదు సార్.”

“స్టార్ట్ అడగనీకి జర టైముంది. ఏ ఊరు నీది?”

చెప్పబోయేంతలో టైమైంది. ఆయన ఇంగ్లీషులోకి మారి అనుమతి అడిగారు. ఇంజన్లు స్టార్టయ్యాక, “పోయి తిను” అన్నారు.

ఆయన ముఖం నేను చూడలేదు. సూరత్‌లో నా అన్నం సంగతి అడిగింది ఆ గొంతొక్కటే. విమానం కదలాలంటే ఆ గొంతు వినిపించే కేబుల్ పీకాల్సింది మాత్రం నేనే.