నందిగామలో సిలార్ సర్దిన ఇల్లు

జగ్గయ్యపేటలో మా స్టీలు సామాన్ల కొట్టు పక్కనే సిలార్ టెంట్ హౌస్. పెళ్ళయినా, ఓణీల ఫంక్షనయినా, చావయినా మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ముందు ఫోను చేసేది సిలార్‌కే. వాళ్ళ నాన్న దూదేకి పరుపులు కుట్టేవాడు. స్పాంజి పరుపులొచ్చి ఆ పని మూలపడ్డాక సిలార్ నాలుగు షామియానాలు కొని ఈ వ్యాపారంలోకి దిగాడు. మనిషి వెన్నపూస. పనిలో మాత్రం అతనికి తెలిసింది ఒక్కటే, పందిరి ఎంత తొందరగా లేస్తే అంత గొప్ప, ఎంత తొందరగా విప్పితే అంత లాభం.

ఆ టెంట్ హౌస్‌ని నిజంగా మోసేది అతని భార్య హఫీజున్నీసా. బయటికెళ్ళొచ్చిన ప్రతి గుడ్డనీ ఉతికేదీ, చిరిగితే కుట్టేదీ, మడతపెట్టేదీ ఆమే. మాట తక్కువ. ఏదైనా అందంటే మాత్రం దానికి తిరుగులేదు, సిలార్‌తో సహా మా బజారంతా ఆమెకి భయపడుతుంది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, జాకియా. నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరింది. పరగడుపు రక్తాలు తియ్యాలి కాబట్టి తెల్లవారకముందే డ్యూటీ. ఆ వేళకి ఇక్కణ్ణుంచి బస్సు అందదు. అందుకని అక్కడే ఒక చిన్న ఫ్లాటు అద్దెకి చూసుకుంది. తల్లి ససేమిరా అంది. పెళ్ళికాని పిల్ల ఒక్కతే ఎలా ఉంటుందన్నది ఆమె మాట. తండ్రీ కూతుళ్ళు బతిమాలగా బతిమాలగా ఒక మెట్టు దిగింది.

"ఆదివారం వచ్చి చూస్తా. మనుషులుండే ఇల్లులా ఉందా, సరే. లేదంటే ఉద్యోగం గిద్యోగం ఏం లేదు, నాతో బస్సెక్కాల్సిందే."

ఆ ఉద్యోగమంటే జాకియాకి ప్రాణం. కానీ ఇల్లు సర్దుకుందామంటే మొదటి జీతం ఇంకా చేతికి రాలేదు. తండ్రి ధైర్యం చెప్పాడు. "కొనడమెందుకమ్మా? మన గోడౌన్లో లేనిదేముంది? మీ అమ్మ నోరెత్తకుండా చేస్తా చూడు."

ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో నిండా సామాను ఎక్కించాడు. నందిగామలో మా మేనకోడల్ని చూసి చాలా రోజులైందని నేనూ ఎక్కాను. నిజం చెప్పొద్దూ, హఫీజున్నీసా ఏమంటుందో వినాలని కూడా ఉంది నాకు.

ఇంటి ఓనరు డేవిడ్‌రాజు గారు రిటైరైన హెడ్మాస్టరు. మెట్ల దగ్గరే మమ్మల్ని ఆపారు. "గోడలకి మేకులు కొట్టకూడదండి. మొన్ననే రంగులేయించా."

"మేకు ముట్టుకుంటే ఒట్టు సార్. మా పనంతా తాడు మీదే" అన్నాడు సిలార్.

అన్నట్టే ఒక్క మేకు కొట్టలేదు. కిటికీ ఊచల నుంచి ద్వారబంధం దాకా తాళ్ళు లాగి, గోడలన్నీ కనిపించకుండా కుచ్చుల పరదాలు కట్టాడు. పైన ఫ్యాను చుట్టూ గులాబీరంగు గుడ్డ చక్రంలా విప్పాడు. కింద ఎర్ర జంపఖానా. సోఫా ఉండాలి కదా అని, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే బంగారురంగు కుర్చీలు రెండూ తెచ్చి వేశాడు. కిటికీకి సీరియల్ బల్బులు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మా సిలార్ రెండూ ఒకే గదిలో కానిచ్చేశాడు. నాకైతే భలేగా అనిపించింది.

డ్యూటీ దిగి వచ్చిన జాకియా గుమ్మంలోనే ఆగిపోయింది. "నాన్నా, ఇందులో నేనెక్కడ పడుకోవాలి?" అంది మెల్లగా. "ముందు అమ్మని చూడనీ" అన్నాడు సిలార్, స్విచ్చేస్తూ.

హఫీజున్నీసా అన్నం క్యారేజీ పట్టుకుని బస్సు దిగి వచ్చింది. చెప్పులు విడిచి లోపలికొచ్చి, ఒక్కో గుడ్డా వేళ్ళతో పట్టుకుని చూడడం మొదలుపెట్టింది. మేం ముగ్గురం ఆమె వెనకే నడిచాం.

"ఈ పరదా మీద షేర్‌మహమ్మద్‌పేట పెళ్ళిలో కూర పడింది. ఎంత నిమ్మకాయ రుద్దినా పోలేదు." ఇంకో గుడ్డ దగ్గరికెళ్ళింది. "ఇది నేను మూడు చోట్ల కుట్టా." తర్వాత కిందికి చూసింది. "ఏమయ్యా, ఈ జంపఖానా మొన్ననే కదా చిల్లకల్లులో చావింటికి వెళ్ళొచ్చింది? దీన్ని పిల్ల కాళ్ళకింద వేశావా?"

"ఉతికావు కదే" అన్నాడు సిలార్.

"ఉతికా. ఉతికినంత మాత్రాన మర్చిపోతానా? ఎరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా? విప్పెయ్యి అంతా."

జాకియా ముఖం పాలిపోయింది. ఓ మూలకెళ్ళి తన బట్టలు సంచిలో సర్దుకోసాగింది. సిలార్ తల వంచుకుని ముడులు విప్పాడు. కట్టినంతసేపు కూడా పట్టలేదు. కుర్చీలు, పరదాలు, బల్బులు అన్నీ ఆటోలోకి చేరాక గదిలో నాలుగు తెల్లగోడలు మిగిలాయి.

హఫీజున్నీసా తలుపు గడియ వేసి తీసి చూసింది. కుళాయి తిప్పింది. వంటింటి కిటికీలోంచి కిందికి చూసి, అక్కడ బట్టలారేస్తున్న డేవిడ్‌రాజు గారి భార్యతో రెండు మాటలు మాట్లాడింది. తర్వాత వట్టి నేల మీద చతికిలబడి క్యారేజీ విప్పింది.

జాకియా సంచి పట్టుకుని వచ్చింది. "పదమ్మా, వెళ్దాం."

"ఎక్కడికే? కూర్చో. తిను."

పిల్ల కూర్చుంది. తల్లి అన్నం కలిపి ముద్ద చేతికిచ్చి, ఎవరితోనో చెబుతున్నట్టు మొదలుపెట్టింది. "పెళ్ళయి వచ్చేటప్పుడు మా అమ్మ నాకో దుప్పటి ఇచ్చింది. పచ్చ పూలది. ఆ పెళ్ళిళ్ళ సీజన్లోనే గుడ్డలు చాల్లేదని అదీ విడిదింటికి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఆ తర్వాత దిండ్లు, చాపలు, మంచాలు కూడా అంతే. రాత్రి వేసుకుంటే పొద్దున్న ఎవరో వచ్చి అడిగేవాళ్ళు. ఇది నాది అనుకుని ఒక దిండు మీద తల పెట్టలేదు నేను."

సిలార్ ఆఖరి తాడు చుట్టుకుంటూ గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇక్కడ ఏం లేదు. అయినా పర్లేదు. ఒకళ్ళొచ్చి ఎత్తుకుపోయేదీ లేదు. జీతం రాగానే నీకు నచ్చిందేదో కొనుక్కో. చాపయినా సరే, నీ చాప కొనుక్కో."

"అయితే నేనుండొచ్చా?" అంది జాకియా.

హఫీజున్నీసా ఇంకో ముద్ద కలిపింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే ఆ మనిషి గొంతు ఎందుకో బాగా తగ్గింది.

"నువ్వుండు. అప్పుడప్పుడూ నేనూ వచ్చి ఒక పూట పడుకుని పోతా. రానిస్తావా?"

జాకియా ఎడమచేత్తో తల్లిని పట్టుకుని భుజంలో ముఖం దాచుకుంది. ఆ పూట హఫీజున్నీసా మాతో రానంది. మేమిద్దరమే ఆటోలో బయల్దేరాం. ఏ గుండిగ ఏ ఊళ్ళో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పే సిలార్, చిల్లకల్లు దాటాక నా వైపు తిరిగాడు.

"అన్నా" అన్నాడు చివరికి. "ఆ పచ్చ పూల దుప్పటి ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదన్నా నాకు."