వెదురుకట్టె కొలత

చక్రాల కుర్చీని వెనుక తలుపులోంచి వ్యానులోకి తోస్తుంటే పిల్ల నుదురు పైరేకుకు కొట్టుకుంది. మా పక్కింటాయన కుర్చీని దించి, చేతిలోని వెదురుకట్టెను వ్యాను నేలమీద నిలబెట్టి చూశాడు. కట్టె సరిపోయింది.

దుబాయి పోయే ముందు కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, చక్రం అడుగు నుంచి నడినెత్తి దాకా కొలిచి కోసుకున్న కట్టె అది. రెండేళ్లూ అక్కడ తన మంచం కింద దాచుకున్నాడు. తిరిగొచ్చిన రోజే నన్ను వెంటేసుకుని కరీంనగర్‌లో కనబడిన జీపులో, ఆటోలో, పాత వ్యానులో దాన్ని నిలబెట్టి చూశాడు.

"ముందు ఇంటికి పోయి బిడ్డను చూడరాదే, అన్నా," అన్నాను.

"ఉట్టి చేతులతోని ఎట్ల పోత, తమ్మీ? బండిలనే పోత. చొప్పదండి హైస్కూలుకు రోజు నేనే తోల్కపోత."

దుబాయి సంపాదనంతా పెట్టి, కట్టె పట్టిన ఈ పాత వ్యానును కొనుక్కునే ఇంటికొచ్చాడు. ఇప్పుడు నుదురు రుద్దుకుంటూ పిల్ల అంది: "బాపూ, బడికి పోయేది కట్టె కాదు, నేను. నేను పెరిగిన."

"జర తల వంచు, బిడ్డా."

ఆమె వెన్ను వంగదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. మళ్లీ కట్టెనే నిలబెట్టి చూశాడు.

అమ్మినవాడు వ్యానును వెనక్కి తీసుకోలేదు. నేను ఆ ఊరు విడిచేనాటికి బడి తెరిచి నెల దాటింది. హాజరుపట్టీలో ఆమె పేరుంది. ఆమె మాత్రం ఆ బడిని ఇంకా చూడలేదు.