ఆవిరి గదిలో తెలుగు వినిపించింది

సిడ్నీలోని గే సౌనాల గురించి ఇంగ్లీషులో బోలెడు రాశారు. ఏ వేళకు వెళ్ళాలి, తువ్వాలు ఇస్తారా లేదా, లాకరు తాళం ఎక్కడ పెట్టుకోవాలి, అన్నీ దొరుకుతాయి. లోపల తెలుగువాడు తగిలితే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయలేదు. ఈ బ్లాగు చదివే కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు "అన్నా, ప్రైడ్ పండక్కి, మనలాంటివాళ్ళ పరేడ్ చూడ్డానికి సిడ్నీ వెళ్దామనుంది, కానీ భయంగా ఉంది" అని మెయిల్ చేశారు. వాళ్ళకు ధైర్యం చెబుదామని కూర్చుంటే తెలిసింది, నా దగ్గరే అది లేదని. ముప్పై ఆరేళ్ళొచ్చాయి, పదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. నాలాంటి మగవాళ్ళ మధ్య ఒక్క పూటైనా గడిపింది లేదు. ఈసారి వెళ్ళి తీరాలనుకున్నాను.

నా భయం దేనికో ముందే చెప్పేస్తాను. కాన్‌బెరాలో గంగాలిన్ దగ్గర ఉంటాను. వారమంతా ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం, ఆదివారం పొద్దున మాత్రం మనవాళ్ళ పిల్లలకు తెలుగు చెబుతాను. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలు నా క్లాసులో గుణింతాలు పాడతారు. నా బతుకులో నాకు బాగా నచ్చిన రెండు గంటలు అవి. ఆ క్లాసు నడిపించేది మా పక్కనే హారిసన్‌లో ఉండే సుజాత ఆంటీ. మంచి మనిషే. కానీ ఒకసారి స్కూల్లో గేలకు మద్దతుగా ఇంద్రధనుస్సు జెండా పెట్టారని "అలాంటివాళ్ళ దగ్గరికి పిల్లల్ని పంపుతామా?" అని నా ముందే అంది. నేను బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. నా సంగతి తెలిసిన మరుసటి ఆదివారం నా ముందు ఒక్క పిల్లాడూ ఉండడు. (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను, క్షమించండి.)

శుక్రవారం సెలవు పెట్టి, పొద్దున్నే గంగాలిన్‌లో ట్రామ్ ఎక్కి సిటీలో దిగి సిడ్నీ బస్సు పట్టుకున్నాను. టికెట్టు నలభై డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది, పండగ రోజుల్లో ముందే కొనుక్కోవాలి. ప్రయాణం మూడున్నర గంటలు. సామాను పెట్టేటప్పుడు డ్రైవరు, తెల్ల గడ్డం పెద్దాయన, ఊరికే అడిగాడు: "పరేడ్‌కా, మేట్?" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లేని కజిన్‌ని పుట్టించి, అతనికి కొత్త ఇల్లు కట్టించి, గృహప్రవేశం కూడా చేయించేశాను. ఆయన విని "గుడ్ ఆన్ హిమ్" అన్నాడు. బస్సులో నలుగురైదుగురు మెరుపుల చొక్కాలవాళ్ళు హాయిగా నవ్వుకుంటూ వచ్చారు. నేను టోపీ కళ్ళమీదికి లాక్కుని దారంతా నిద్ర నటించాను.

సెంట్రల్ స్టేషన్ నుంచి గేల వీధిగా పేరున్న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కు నడిచే వెళ్ళొచ్చు, ఇరవై నిమిషాలు. ఎండ మండిపోతోంది. దారిపొడవునా రంగురంగుల జెండాలు, బ్యాంకుల అద్దాల మీద కూడా; ప్రతి దుకాణంలోంచీ పాటల హోరు. ఇంత బాహాటంగా పండగ జరుగుతుంటే నేనొక్కణ్ణే దొంగలా గోడవారగా నడవడం నాకే సిగ్గనిపించింది. అయినా మనవాళ్ళలాంటి నల్లజుట్టు కనిపిస్తే చాలు, అవతలి పేవ్‌మెంటుకు మారిపోయాను. నేను వెతుకుతున్న సౌనా తలుపు ఒక దుకాణం పక్కన, మామూలు ఆఫీసు తలుపులా ఉంది. సరిగ్గా దాని ముందు నిలబడ్డప్పుడే ఫోన్ మోగింది. సుజాత ఆంటీ.

"నాన్నా, సండే క్లాస్ ఉంది కదా? హాల్ కీస్ నా దగ్గరే ఉన్నాయి. ఈసారి కొత్తగా త్రీ కిడ్స్ జాయిన్ అవుతున్నారు. వాళ్ళ పేరెంట్స్ నిన్ను మీట్ అవ్వాలంటున్నారు, కొంచెం ఎర్లీగా రా."

"అలాగే ఆంటీ."

"ఏంటా మ్యూజిక్? ఎక్కడున్నావ్?"

"షాపింగ్ సెంటర్లో ఆంటీ."

ఫోన్ పెట్టేశాను. వెనక్కి వెళ్ళిపోదామనే అనుకున్నాను. కానీ వెనక ఎవరో వస్తున్నారు. వాళ్ళకు నా ముఖం కనిపించకూడదన్న కంగారులో తలుపు తోసుకుని లోపలికి పోయాను. నా జీవితంలో పెద్ద నిర్ణయం ఇలా పిరికితనంతో జరిగింది.

సౌనా అంటే పేరుకు ఆవిరి స్నానం. గే సౌనా అంటే మగవాళ్ళు మగవాళ్ళను కలుసుకునే చోటు. ఆవిరి గది, వేడినీళ్ళ తొట్టి, టీవీ ముందు సోఫాలు, తలుపు వేసుకునే చిన్న గదులు ఉంటాయి. ఇష్టం లేకపోతే తల అడ్డంగా ఊపితే చాలు, ఎవరూ విసిగించరు. ప్రవేశం ముప్పై డాలర్ల పైమాటే. కౌంటర్లో ఉన్న అతను నా ముఖం చూసి "ఫస్ట్ టైమా? ఫోన్ లాకర్లో పెట్టెయ్. ఫొటోలు తీస్తే బయటికే" అన్నాడు. ఆ నియమం వినగానే కాస్త ఊపిరాడింది. తువ్వాలు, కండోములు, మణికట్టుకు కట్టుకునే తాళం ఇచ్చాడు. బట్టలు విప్పడానికి చాలాసేపు పట్టింది. లోపల మనుషులు నేను ఊహించుకున్నట్టు లేరు. పొట్టలున్నవాళ్ళు, బట్టతలలవాళ్ళు, క్రికెట్ చూస్తూ కునుకు తీస్తున్న ఒక తాతగారు. మా ఆఫీసు క్యాంటీన్‌కి తువ్వాళ్ళు చుట్టినట్టుంది.

వెలుతురులో నిలబడలేక ఆవిరి గదిలో దూరాను. చెయ్యి చాస్తే చెయ్యి కనిపించదు, అంత పొగ. రెండడుగులు వేశానో లేదో కాలి బొటనవేలు దేనికో ఠంగున తగిలింది. "ఓరి నాయనో!" అని అరిచేశాను.

"మెల్లగా అండీ, అక్కడ మెట్టుంది" అంది పొగలోంచి ఒక గొంతు.

అచ్చ తెలుగు. గోదావరి వైపు సాగదీత. ఆ మాట ఆయన నోటి నుంచి అలవాటుగా వచ్చేసింది. తర్వాత ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం చెరో మూల కూర్చుండిపోయాం. మామూలుగా మనవాళ్ళు తగిలితే మొదట అడిగే "ఏ ఊరండీ మీది?" నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ గొంతు ఎక్కడైనా విన్నానా? వినాయక చవితి భోజనాల్లోనా? నా క్లాసు గుమ్మం దగ్గరా? ఎవరు ముందు లేస్తే వాళ్ళు గాజు తలుపు దగ్గర వెలుతురులో పడతారు. అందుకని ఎవరూ లేవలేదు. ఎవరెవరో వచ్చారు, వెళ్ళారు. మేం మాత్రం కదల్లేదు. చెమట ధారలు కట్టి, నోరు పిడచకట్టుకుపోయింది.

"మీరు ముందు వెళ్ళండి. నేను గోడవైపు తిరుగుతాను" అన్నాను చివరికి, గొంతు మార్చి.

"వద్దండీ, మీరే వెళ్ళండి." ఆయన గొంతు నీరసంగా ఉంది.

కాసేపటికి దబ్బున ఏదో పడిన చప్పుడు. "ఏమండీ" అన్నాను. పలకలేదు. గదిలో ఇంకెవరూ లేరు. తడుముకుంటూ వెళ్ళి, చంకల్లో చేతులు వేసి, తలుపు వీపుతో తోసి ఆయన్ని బయటికి ఈడ్చుకొచ్చాను. అంతదాకా ఏ వెలుతురుకు భయపడ్డానో దాని కిందే షవర్ల దగ్గర బల్ల మీద పడుకోబెట్టాను. ఆయన ముఖం నేను చూసేలోపే, కళ్ళు తెరవకుండానే నడుముకున్న తువ్వాలు లాగి ముఖం మీద కప్పుకున్నారు. ఒళ్ళంతా బయట, ముఖం మాత్రం లోపల. నాకు ఏడుపొచ్చింది. నా తువ్వాలు తీసి ఆయన నడుముకు కప్పి, ఒంటి మీద నూలుపోగు లేకుండా నీళ్ళ కోసం పరిగెత్తాను. కౌంటరతను గ్లాసు, ఇంకో తువ్వాలు ఇచ్చి, "ఆంబులెన్స్ కావాలా?" అని అడిగాడు. తువ్వాలు కింద తల వద్దని గట్టిగా ఊగింది. కాళ్ళు ఎత్తులో పెట్టి, కొంచెం కొంచెంగా తాగించమని చెప్పి, కాస్త దూరంలో మమ్మల్ని కనిపెట్టుకుని నిలబడ్డాడతను.

తువ్వాలు అంచు కాస్త ఎత్తి గ్లాసు అందించాను, అటు తిరిగి. ఆయన చెయ్యి వణుకుతోంది.

"ఎవరికీ చెప్పకండి బాబూ. పిల్లలు పెద్దాళ్ళవుతున్నారు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"చెప్పనండీ. నేను మీ ముఖం కూడా చూడలేదు."

నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. ఆ వణుకు నాకు బాగా తెలుసు, పొద్దుట్నుంచీ నా ఒంట్లో ఉన్నదే. దాన్ని ఆపడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే. నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. "గంగాలిన్‌లో ఉంటాను. ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతాను. ఈ సంగతి అక్కడ తెలిస్తే నా క్లాసు పోతుంది. ఇప్పుడు నా గుట్టు మీ చేతిలో ఉందండీ. మీది నా దగ్గర లేదు."

ఆయన చెయ్యి నెమ్మదిగా కుదుటపడింది. తర్వాత రెండు చేతులూ జోడించి, తువ్వాలు కిందనుంచే "నమస్కారం మాస్టారూ. ఇంక మీరెళ్ళండి" అన్నారు. వెళ్ళాను. వెనక్కి తిరగలేదు. మర్నాటి పరేడ్ కోసం ఆగలేదు, ఆ సాయంత్రం బస్సుకే వచ్చేశాను.

కుర్రాళ్ళూ, ధైర్యం వచ్చిందా అని అడగకండి. రాలేదు. ఆయన ఊరు నాకు తెలియదు. బ్రిస్బేన్ కావచ్చు, మా పక్కవీధి కావచ్చు. కానీ భయం నా ఒక్కడికే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, ఆ భ్రమ పోయింది. నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే: ఆవిరి గదిలోకి వెళ్ళేముందు మంచినీళ్ళు బాగా తాగండి, తల తేలికైనట్టనిపిస్తే వెంటనే లేచి వచ్చేయండి, బయట ఎవరున్నా సరే. ఆ ఆదివారం క్లాసుకు తొందరగానే వెళ్ళాను. కొత్త పిల్లల్ని దింపడానికి ముగ్గురు తండ్రులు వచ్చారు, పాతవాళ్ళు ఎలాగూ ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా ఆయన కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి తండ్రికీ నేనే ముందు నమస్కారం పెట్టాను.