తలుపేసుకో అక్కా

మా అత్త మాత్రల పొట్లం పట్టుకొని ప్రొద్దుటూరు బస్టాండులో నిలబడి ఉన్నాను. ముందురోజే ఆమె, మామ, మా ఆయన కలిసి సింహాద్రిపురం దగ్గరి పల్లెకు మా మరిదికి పిల్లను చూడడానికి పోయారు. పొట్లం మాత్రం ఇంట్లో గూట్లో కనిపించింది. పులివెందుల వైపు పోయే బస్సులో ఎవరి చేతికైనా ఇచ్చి పంపాలని నా ఆత్రం. ఇంతలో అటునుంచి మొదటి బస్సు వచ్చింది. కండక్టరు మా వీధివాడే. నన్ను చూసి దిగి దగ్గరికి వచ్చాడు.

"ఇంటికి పోమ్మా. పెద్దమ్మ నిన్న సాయంత్రమే పోయింది. వెనక వ్యాన్లో తీసుకొస్తాండారు" అన్నాడు.

పొట్లం అట్లాగే పట్టుకొని ఇంటికి నడిచివచ్చాను.

మా అత్తకు ఉబ్బసం, మా వైపు దమ్ము అంటారు. ఆ సంగతి నేను కాపురానికి వచ్చేదాకా నాకు తెలియదు. కర్నూలు రాజధాని అయిన ఏడు ఈ ఇంటికి కోడలినై వచ్చాను. జమ్మలమడుగులో పుట్టి పెరిగినదాన్ని, ఘాటు లేనిదే ముద్ద దిగదు నాకు. కొత్తకోడలి వంట అదిరిపోవాలని మొదటిరోజు పప్పుకు గుప్పెడు ఎండుమిరపకాయలతో తిరగబాత పెట్టాను. ఇల్లంతా పొగ కమ్మింది. అత్త నా పక్కనే కూర్చొని నవ్వుతూ "బాగుంది పాపా వాసన" అని లేచి పెరట్లోకి పోయింది. నీళ్లకని నేనూ వెళ్లాను. రోలు అంచు రెండు చేతులా పట్టుకొని ముందుకు వంగి ఉంది. భుజాలు పైకి లేస్తున్నాయి, ఛాతీలో ఈల. మాట పెగలని ఆ స్థితిలో ఆమె అడిగింది నీళ్లు కాదు.

"మీ అమ్మోళ్లకు... చెప్పొద్దు పాపా. దమ్మున్న ఇంట్లో... పిల్లనిచ్చినామని ఏడుస్తారు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఊపిరాడక చస్తాంటే పరువేంది అత్తా?" అన్నాను. కొత్తకోడలు అనాల్సిన మాట కాదు గానీ, నా నోరు అంతే.

పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఈల మొదలైనప్పుడే మాత్ర వేసుకోవాలనీ, నిలబడలేని దాకా ఓర్చుకుంటే మాత్ర పనిచేయదనీ, మాత్రకు తగ్గకపోతే సూదికోసం వెంటనే రావాలనీ ఆయన గట్టిగా చెప్పాడు. దుమ్ముకు, పొగకు దూరంగా ఉండమన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో నీళ్లు చిలకరించనిదే చీపురు పట్టలేదు. బొంతలు ఎండలో పడేవి. తలస్నానమయ్యాక సాంబ్రాణి వేసుకోవడం ఆమెకు ప్రాణం, అదీ మానుకుంది. మాత్రల పొట్లం ఎప్పుడూ కొంగున ముడివేసుకొనేది. ఆయాసం వస్తే కూర్చొని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, వేడిపాలు ఊదినట్లు మెల్లగా గాలి వదిలేది. నేను కంగారుపడితే తగ్గాక నన్నే ఓదార్చేది: "ఊపిరి అలిగిన అల్లుడు మాదిరి పాపా. తొందరపెడ్తే రాడు, బుజ్జగించల్ల."

ఇంట్లో సరే, పక్కింటి పొగ మాటేమిటి? గోడ అవతల ఉండేది ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటావిడను వీధంతా ఖాలా అంటుంది. అత్త ఉబ్బసం సంగతి నేను ఆమెకు చెప్పేశాను. అత్తకు తెలిసి కొన్నాళ్లు నాతో మాట మానేసింది. కూరలో ఉప్పు తగ్గిందని కూడా పిల్లితో చెప్పేది, నేను వినేటట్లు. కానీ నేను చెప్పిన మరునాడే గోడ మీదినుంచి ఖాలా కేక వినబడింది.

"అక్కా! తిరగబాత పెడ్తాండా, తలుపేసుకో!"

అత్త కాసేపు మూతి ముడుచుకొని కూర్చుంది. తర్వాత లేచి తలుపేసి, "ఏసినా, కానీ!" అని అరిచింది. ఆ తర్వాత ఎదురింటివాళ్లూ, మూలింటివాళ్లూ నేర్చుకున్నారు. నూనెలో మిరపకాయ పడేముందు కేక వేయడం మా వీధికి అలవాటైపోయింది. ఒకరోజు పొద్దెక్కినా ఖాలా కేక వినబడలేదు. అత్తే గోడ దగ్గరికి పోయి, "ఏందిమే, ఈపొద్దు పొయ్యి ముట్టించలేదా?" అని అడిగింది. ఆమెకు జ్వరమని తెలిసి గిన్నెడు చారన్నం పంపింది.

వీధంతా తెలిసిపోయింది కదా, ఇంకేం దాస్తుందిలే అనుకున్నాను. కాబోయే వియ్యంకుల ముందు మళ్లీ దాచింది. పదిమందిలో కొంగు ముడి విప్పితే "ఏం మాత్రలవి?" అని అడుగుతారని, ముడే విప్పి గూట్లో పెట్టిపోయింది. ఆ ఇంటి కల్లంలో శెనక్కాయ చెట్లు కొడుతున్నారట, ఒకటే దుమ్ము. లోపల వంటల పొగ. ఈల వినబడి మా ఆయన చెవిలో అడిగాడట, "మాత్ర ఏసుకున్నావామ్మా?" అని.

"ఏసుకున్యా నాయనా. ఎండ, అంతే" అని నవ్విందట.

బండి కట్టి పులివెందుల ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది.

అత్తా, నీమీద నాకింత కోపం ఎప్పుడూ రాలేదు. ఎవరిమీద తీర్చుకోను?

పిల్ల తల్లి మా ఇంటికి వచ్చి, నా చేతులు పట్టుకొని ఏడ్చిన ఏడుపు జన్మలో మరచిపోలేను. "మా అత్తకూ ఇదే దమ్ము తల్లీ. మీకు తెలిస్తే పిల్లను చేసుకోరని ఆపొద్దు ఎనకింట్లో పండబెట్టి తలుపేసినాం. ఆయమ్మ తలాపునే మాత్రలుండె. ఒక్క మాట చెప్పింటే..."

ఒక్క గోడ, అంతే. ఇవతల మా అత్త, అవతల మాత్రలు.

కర్మకాండలన్నీ అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. నిన్న మధ్యాహ్నం అత్త మంచం ఎండలో వేసి లోపలికి వచ్చాను. గోడ అవతలినుంచి కేక వచ్చింది.

"అక్కా! తిరగబాత పెడ్తాండా, తలుపేసు..."

కేక మధ్యలో ఆగిపోయింది. పొయ్యిమీద నూనె కాగే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఖాలా మిరపకాయలు వేయలేదు. అవతల ఆమె ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

లేచి వెళ్లి తలుపు వేశాను.

"ఏసినా, కానీ!" అని అరిచాను.